మిత్రపక్ష రాజకీయాలు – సంప్రదాయవాద కార్యకర్త అసంతృప్తి: హైదరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతీయ జనతాపార్టీ, తెలుగుదేశం పార్టీల మధ్య నాలుగు దశాబ్దాలుగా పొత్తులు ఏర్పడుతూ, విచ్ఛిన్నమవుతూ, మళ్లీ ఏర్పడుతూ వచ్చాయి. ఈ క్రమంలో హైదరాబాద్ భాజపా కార్యకర్తల్లో 'మిత్రులు మనల్ని వాడుకొని వదిలేశారు' అన్న భావన పలుమార్లు వ్యక్తమైంది. ఆ భావనకు ఓటమి ఒక్కటే కారణం కాదని, కార్యకర్త మోసిన నినాదం అతని చేతినుంచి జారిపోవడమే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1998–2025 మధ్య జరిగిన ఎన్నికల ఫలితాలు, బహిరంగ రాజీనామాలు, పార్టీ మార్పులు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: పొత్తు, కార్యకర్త, ఓటు బదిలీ, భారతీయ జనతాపార్టీ, తెలుగుదేశం, తెలంగాణ, గోషామహల్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్‌లోని నాంపల్లి ప్రాంతంలో మూడు రాజకీయ పక్షాల కార్యాలయాలు ఒకదానికొకటి చేరువలో ఉన్నాయి. అవి భాజపా రాష్ట్ర కార్యాలయం, కాంగ్రెస్ గాంధీభవన్, మజ్లిస్ దారుస్సలాం. పక్కనే ఉన్న అబిడ్స్, బేగంబజార్, మంగళ్‌హాట్, ధూల్‌పేట ప్రాంతాలు గోషామహల్ శాసనసభ నియోజకవర్గ పరిధిలోనివి. జనసంఘ్ కాలంనుంచి హిందూ సంప్రదాయవాద రాజకీయాలకు నగరంలో బలమైన పునాది ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి. ఇక్కడి కార్యకర్త తన ప్రత్యర్థిని రోజూ చూస్తూనే ఉంటాడు. అందువల్ల ప్రత్యర్థితో పోరాటం అతనికి కొత్త కాదు. అతణ్ణి ఎక్కువగా కలవరపెట్టింది మిత్రుడితో ఏర్పడిన సంబంధమే.

ఈ వ్యాసంలో 'సంప్రదాయవాద కార్యకర్త' అంటే పదవితో నిమిత్తం లేకుండా, భావజాల నిబద్ధతతో బూత్‌స్థాయిలో పనిచేసే వ్యక్తి అని అర్థం. అతని మనోభావాలను నేరుగా కొలవడం సాధ్యం కాదు. అయితే ఎవరు ఎప్పుడు పార్టీ వీడారు, ఏ కారణం చెప్పారు, ఏ ఎన్నికలో ఫలితం ఎలా మారింది అన్నవి బహిరంగ వాస్తవాలు. వాటి ఆధారంగానే ఈ పరిశీలన సాగుతుంది.

2. తొలి పొత్తు: ఉమ్మడి ప్రత్యర్థి

1984 ఆగస్టు 16న ఎన్.టి.రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయినప్పుడు జరిగిన ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంలో భాజపా కూడా పాల్గొన్నది. ఆ ఏడాది చివర జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తంమీద భాజపాకు దక్కిన రెండు స్థానాల్లో ఒకటి హనుమకొండ. అక్కడ తెలుగుదేశం మద్దతుతో చందుపట్ల జంగారెడ్డి పి.వి.నరసింహారావును ఓడించారు. 1985 శాసనసభ ఎన్నికల్లో భాజపా 8 స్థానాలు గెలిచింది.

ఈ దశలో పొత్తు కార్యకర్తకు భారం కాలేదు. కాంగ్రెస్ వ్యతిరేకత ఇరుపక్షాలకూ ఉమ్మడి నినాదం. దానికోసం ఎవరూ తమ సొంత నినాదాన్ని వదులుకోవలసిన అవసరం రాలేదు.

3. 1998–2004: గెలుపులోని నష్టం

1990ల చివర కాకినాడ సమావేశంలో భాజపా రాష్ట్రశాఖ 'ఒక ఓటు – రెండు రాష్ట్రాలు' అన్న విధానాన్ని స్వీకరించింది. 1998 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 18 శాతానికి పైగా ఓట్లు, 4 స్థానాలు లభించాయి. రాష్ట్రంలో మూడో రాజకీయ శక్తిగా ఎదిగే అవకాశం ఏర్పడిందన్న ఆశ శ్రేణుల్లో కలగడం సహజం.

అదే ఏడాది కేంద్రంలో వాజపేయి ప్రభుత్వానికి తెలుగుదేశం మద్దతు అవసరమయింది. 1999లో రెండు పార్టీలు కలిసి పోటీచేశాయి. భాజపా 8 లోక్‌సభ స్థానాల్లో పోటీచేసి 7 గెలిచింది. శాసనసభలో 12 స్థానాలు పొందింది. అంకెల దృష్టితో చూస్తే రాష్ట్రంలో ఆ పార్టీకి అప్పటివరకు అంతటి విజయం లేదు. కాని తెలుగుదేశం సమైక్యరాష్ట్ర వైఖరి కారణంగా తెలంగాణ నినాదం పక్కకు జరిగింది. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ రాష్ట్రాలు ఏర్పడ్డాయి. తెలంగాణ ఏర్పడలేదు. చిన్న రాష్ట్రాలను సమర్థించే పార్టీయే కేంద్రంలో అధికారంలో ఉండగా ఇది జరిగింది.

ఈ సందర్భంలో ఆలె నరేంద్ర ఉదంతం ముఖ్యమైనది. హైదరాబాద్‌లో భాజపాకు ప్రతీకగా నిలిచిన నాయకుడు ఆయన. హిమాయత్‌నగర్ శాసనసభ్యుడిగా పనిచేసి, 1999లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అంటే పొత్తువల్ల ప్రత్యక్షంగా లబ్ధిపొందినవారిలో ఆయన ఒకరు. అయినా తెలంగాణ అంశంపై పార్టీతో విభేదించి, తెలంగాణ సాధన సమితిని స్థాపించి, 2002లో దానిని తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనం చేశారు. 2004లో అదే మెదక్‌లో తెరాస అభ్యర్థిగా గెలిచారు. ఆయన భావజాలం మారిందనడానికి ఆధారం లేదు. నినాదం ఉన్నచోటికి ఆయన వెళ్లారనడమే సమంజసం. అసంతృప్తి ఓటమినుంచి మాత్రమే పుట్టదనడానికి ఇది బలమైన నిదర్శనం.

2004లో పొత్తు పరాజయం పాలైంది. భాజపాకు శాసనసభలో 2 స్థానాలు దక్కాయి. లోక్‌సభలో ఒక్కటీ రాలేదు. కాంగ్రెస్‌తో కలిసి పోటీచేసిన తెరాస 26 శాసనసభ స్థానాలు గెలిచింది. ఆ తరువాత భాజపా తిరిగి తెలంగాణ నినాదాన్ని చేపట్టినా, ప్రజల దృష్టిలో దాని యాజమాన్యం అప్పటికే చేతులు మారింది.

4. 2014–2018: పునరావృతమైన అనుభవం

2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించినప్పుడు భాజపా దానిని సమర్థించింది. రెండు నెలలకే తెలుగుదేశంతో పొత్తు కుదిరింది. తెలంగాణశాఖలో దీనిపై బహిరంగంగానే అభ్యంతరాలు వచ్చాయి. రాష్ట్ర ఏర్పాటుకు ఓటువేసిన ఘనతను ఇంటింటికీ చెప్పుకోవలసిన కార్యకర్త, ఆ విషయంలో సందిగ్ధ వైఖరి ఉన్న పార్టీ జెండాను పక్కన పెట్టుకొని ప్రచారం చేయవలసి వచ్చింది.

ఆ ఎన్నికల్లో భాజపాకు తెలంగాణలో 5 శాసనసభ స్థానాలు వచ్చాయి. అవి ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, ఉప్పల్, గోషామహల్. అయిదూ గ్రేటర్ హైదరాబాద్ పరిధిలోనివే. గోషామహల్‌లో గెలిచిన టి.రాజాసింగ్ 2009లో తెలుగుదేశం తరఫున కార్పొరేటర్‌గా ఎన్నికై, తరువాత భాజపాలో చేరినవారు. క్షేత్రస్థాయిలో రెండు పార్టీల మధ్య సరిహద్దు ఎంత పలుచనిదో దీనివల్ల తెలుస్తుంది.

2016 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఈ పొత్తుకు 150 డివిజన్లలో దక్కినవి భాజపాకు 4, తెలుగుదేశానికి 1. 2018 మార్చిలో ప్రత్యేకహోదా వివాదంతో తెలుగుదేశం జాతీయ ప్రజాస్వామ్య కూటమినుంచి వైదొలగింది. జూలైలో కేంద్రంపై అవిశ్వాస తీర్మానం పెట్టింది. డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌తో కలిసి ప్రజాకూటమిగా పోటీచేసింది. భాజపా ఒంటరిగా పోటీచేసి గోషామహల్ ఒక్కటే నిలుపుకొన్నది. రెండేళ్ల తరువాత, 2020లో, తెలుగుదేశంతో పొత్తు లేకుండా గ్రేటర్ ఎన్నికల్లో 48 డివిజన్లు గెలిచింది.

5. విశ్లేషణ: పొత్తు వ్యయం ఎవరిపై పడుతుంది?

పై ఉదంతాలను కలిపి చూస్తే కార్యకర్త మూడు విధాల నష్టపోతున్నట్లు కనిపిస్తుంది.

మొదటిది స్థానం. సీట్ల సర్దుబాటులో మిత్రపక్షానికి వదిలిన నియోజకవర్గంలో స్థానిక నాయకుడి అవకాశం మూసుకుపోతుంది. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986 తరువాత మళ్లీ 2002లోనే ఎన్నికలు జరిగాయి. కింది మెట్టు లేని ఆ కాలంలో ఈ నష్టం మరింత తీవ్రమైనది.

రెండవది శ్రమ. పొత్తు చర్చల్లో 'ఓటు బదిలీ' గురించే మాట్లాడతారు. ఓటు దానంతటదే బదిలీ కాదు. నిన్నటివరకు ఎవరిని విమర్శించాడో వారికే ఓటు వేయమని పొరుగింటివారిని అడిగే మనిషి కావాలి. ఆ మనిషి తన మాట విలువను పణంగా పెడుతున్నాడు. పొత్తు తెగినప్పుడు నాయకుడు ఒక ప్రకటనతో బయటపడతాడు. కార్యకర్త మాత్రం అదే వీధిలో అవే ముఖాలకు సమాధానం చెప్పుకోవాలి.

మూడవది నినాదం. మొదటి రెండు నష్టాలనూ విజయం కొంతవరకు పూడ్చగలదు. దీనిని పూడ్చలేదు. 1999లో గెలిచిన నరేంద్ర నిష్క్రమణ ఈ విషయాన్నే నిరూపిస్తుంది.

అయితే ఈ వాదనకు పరిమితులున్నాయి. పొత్తు లేకపోవడమే బలమనడం సరికాదు. ఒంటరిగా పోటీచేసిన 2018లో దక్కింది ఒక్క స్థానమే. 2020 విజయానికి తెరాస పాలనపై వ్యతిరేకత వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. తెలుగుదేశం శ్రేణులకూ ఇలాంటి ఆవేదన ఉన్నది. ప్రత్యేకహోదా విషయంలో తమను కేంద్రం వంచించిందని వారు 2018లో భావించారు. ద్రోహభావన ఒక పక్షానికే పరిమితం కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండు పార్టీలు జనసేనతో కలిసి మళ్లీ ఒక్కటై ఘనవిజయం సాధించాయి. నాయకత్వాల జ్ఞాపకం కంటే కార్యకర్తల జ్ఞాపకమే ఎక్కువకాలం నిలుస్తుందనడానికి ఇదొక సూచన.

6. ముగింపు

అసంతృప్తి మిత్రపక్షంతో మొదలై చివరకు సొంత నాయకత్వంవైపు తిరుగుతుంది. 2025 జూన్ 30న, తెలంగాణ భాజపా అధ్యక్ష ఎంపిక సందర్భంలో, కార్యకర్తల ఆకాంక్షలకు విలువ లేదంటూ గోషామహల్ శాసనసభ్యుడు రాజాసింగ్ పార్టీకి రాజీనామా ప్రకటించారు. జూలైలో కేంద్ర నాయకత్వం దానిని ఆమోదించింది. ఇది పొత్తుకు సంబంధించిన వివాదం కాదు. కాని రెండు దశాబ్దాల కిందట నరేంద్ర అడిగిన ప్రశ్న ఇందులోనూ వినిపిస్తుంది: నిర్ణయం ఎవరిది, దాని మూల్యం చెల్లించేది ఎవరు?

పొత్తుల అధ్యయనాలు సాధారణంగా సీట్లు, ఓట్ల శాతాల వద్ద ఆగిపోతాయి. వాటితోపాటు, పొత్తుకోసం ఏ నినాదం పక్కన పెట్టారు, దానిని తరువాత ఎవరు అందుకున్నారు అన్న అంశాన్నీ పరిశీలించాలి. తెలంగాణ విషయంలో భాజపా పక్కన పెట్టిన నినాదం మరొక పార్టీని అధికారపీఠం వరకు చేర్చింది. ఆ నినాదాన్ని తొలుత వీధుల్లో మోసిన కార్యకర్త దానికి ప్రేక్షకుడిగా మిగిలాడు.