సున్నం చెప్పే లెక్క: మోలార్ ద్రవ్యరాశిని కనుగొనే విధానం

ముంబై నగరంలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగునాటి నుండి వలస వెళ్లిన కామాఠీల వలన వచ్చినది. 18వ శతాబ్ది చివరి నుండి నిజాం రాజ్యపు గ్రామాలను విడిచి వెళ్లిన ఆ శ్రామికులలో అనేకులు భవన నిర్మాణపు పనులలో కుదిరినారు. సిమెంటు వాడుకలోనికి రాకమునుపు రాతిని రాతితో కలిపి నిలిపినది సున్నమే. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను భయపెట్టే మోలార్ ద్రవ్యరాశి లెక్కను ఆ సున్నంతోనే సులభంగా నేర్వవచ్చును.

ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ విలువే మోలార్ ద్రవ్యరాశి. మోల్ అనగా డజను వంటి ఒక లెక్క. డజనులో 12 ఉంటే, మోల్‌లో 6.022ను 10 చేత 23 మార్లు గుణించినన్ని కణాలు ఉంటాయి.

లెక్కకు మూడు మెట్లు. సాంకేతికంలో ఏయే మూలకాలు ఉన్నవో చూడాలి. ఒక్కొక్క మూలకపు పరమాణు భారాన్ని దాని పరమాణువుల సంఖ్యతో గుణించాలి. వచ్చిన వాటిని కూడాలి. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1 అని తీసుకుందాం.

సున్నపురాయి, అనగా కాల్షియం కార్బొనేట్: 40 + 12 + (3 × 16) = 100 గ్రాములు.
పొడిసున్నం, అనగా కాల్షియం ఆక్సైడ్: 40 + 16 = 56 గ్రాములు.
తడిసున్నం, అనగా కాల్షియం హైడ్రాక్సైడ్: 40 + 2 × (16 + 1) = 74 గ్రాములు.

చివరి దానిలో కుండలీకరణం వెలుపలి 2, లోపలి ఆక్సిజన్, హైడ్రోజన్ రెండింటికీ వర్తిస్తుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడనే.

ఈ అంకెలు బట్టీ నుండి గోడ వరకు పనిచేస్తాయి. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల పొడిసున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ 56 కిలోలు 18 కిలోల నీటిని పీల్చుకొని 74 కిలోల తడిసున్నం అవుతాయి. అప్పుడు పుట్టే వేడి కంటిని, చర్మాన్ని కాల్చగలదు, పిల్లలను దూరముంచాలి. గోడలో చేరిన తడిసున్నం గాలి నుండి మరల 44 కిలోల వాయువును గ్రహించి, 18 కిలోల నీటిని విడిచి, తిరిగి 100 కిలోల రాయి అవుతుంది. పాత గోడల బలం అదే.

పని వెంట కుటుంబం అటూ ఇటూ మారితే పిల్లల బడి కూడా మారుతుంది. అక్కడ ఒక చిక్కు పొంచి ఉన్నది. తెలుగు పుస్తకంలో చిన్నది పరమాణువు, పరమాణువులు కలిసినది అణువు. మరాఠీ పుస్తకంలో చిన్నదే అణువు, కలిసినది రేణువు. కనుక ఆక్సిజన్ అణుభారం తెలుగులో 32. మరాఠీలో అణు వస్తుమానం 16. రెండూ సరియైనవే, మాట మాత్రమే వేరు.

బడి మారిన బిడ్డకు మార్కులు తగ్గితే తెలివి తక్కువని తలంచకండి. రెండు భాషల పదాలను పక్కపక్కన ఒక కాగితంపై వ్రాయించి, పుస్తకంలో అతికించండి.