పచ్చడి జాడీలో రక్తపు పోటు

నందిగామ, జగ్గయ్యపేట: తెల్లవారకముందే మిరపకోతలకు బయలుదేరే కూలీల క్యారేజీ మూత తీస్తే అన్నం, పక్కన ఆవకాయో గోంగూర పచ్చడో కనిపిస్తుంది. కూర ఉన్నా పచ్చడి ఉండాల్సిందే. ఆ పచ్చడిని ఏడాది పొడవునా చెడకుండా కాపాడేది ఉప్పు. అదే ఉప్పు మన పడమటి పల్లెల్లో రక్తపు పోటుకూ దారి తీస్తోందంటే చాలామంది నమ్మరు.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూర, చారు, మజ్జిగ, పచ్చడి అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడన్నమాట. మనదేశంలో సగటున 8 గ్రాములు తింటున్నట్లు భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే ఫలితాలు 2023లో వెల్లడించాయి.

ఎవరింటి లెక్క వారే చూసుకోవచ్చు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండానే ఖాళీ అవుతుంటే ఎక్కువ తింటున్నట్టే. వేసవిలో పచ్చళ్లకు కొన్న కల్లుప్పును ఈ లెక్కలో కలపడం అందరూ మరిచిపోతారు. కల్లుప్పు మంచిదేనన్న మాటా వినిపిస్తుంటుంది. పోటు విషయంలో రెండూ ఒకటే.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి, రక్తం పరిమాణం పెరిగి నాళాల గోడలను ఒత్తుతుంది. మోటారు ఒత్తిడికి పొలంలో పైపు పగిలినట్టు కొందరికి మెదడులో నాళం చిట్లి పక్షవాతం వస్తుంది. ఆ ఒత్తిడికి ఎదురు రక్తం తోడీ తోడీ గుండె కండరం మందమై, చివరకు అలసిపోతుంది. చిక్కేమిటంటే చాలామందికి ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు. అందుకే 30 ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోటు చూపించుకోవాలి. పలుమార్లు చూసినా 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరును కలవాలి.

చెమటోడ్చేవాడికి ఉప్పు కావాలి కదా అంటారు రైతులు. కొంత నిజమే. కానీ ఎండకు అలవాటుపడిన ఒంటి చెమటలో ఉప్పు తగ్గుతుంది. పైగా పొలం వెళ్లని రోజున పచ్చడి మానేస్తున్నామా?

సరిహద్దు దాటితే తెలంగాణ. అక్కడి సిద్దిపేట జిల్లాలో 7 గ్రామాలకు చెందిన 502 మంది పోటు రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. సగం మందికి మామూలు ఉప్పు, మిగతావారికి 30 పాళ్లు పొటాషియం ఉప్పు కలిపినది ఇచ్చారు. మూడు నెలల్లో రెండోవారికి పోటులో పై అంకె సుమారు 4.6 ఎక్కువగా తగ్గింది.

అలాగని ఆ ఉప్పును ఎవరికి వారు కొని తెచ్చుకోరాదు. మూత్రపిండాలు సరిగా లేనివారికి ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె ఆగే ప్రమాదం ఉంది. మన ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో అందరికీ తెలిసిందే. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే వాడాలి.

అంతకన్నా ఖర్చులేని దారి ఉంది. పచ్చడి రెండు పూటలా కాక ఒక పూటే, అదీ తక్కువగా వేసుకోవడం. మజ్జిగన్నంలో ఉప్పు విడిగా కలపకపోవడం. ఉప్పుచేపలు, అప్పడాలు ఎప్పుడో గానీ ముట్టకపోవడం. మొదట్లో కూర చప్పగా ఉంటుంది, కొన్ని వారాలకు నాలుకే సర్దుకుంటుంది. బీపీ మాత్రలు వాడుతున్నవారు మాత్రం, ఉప్పు తగ్గించాం కదా అని మాత్రలు మానకూడదు.