పసిబిడ్డకు ఆవుపాలు పడకపోతే

కొందరు పసిబిడ్డలకు ఆవుపాలు పడవు. ఆ పాలలోని ప్రోటీన్లను వారి రోగనిరోధక శక్తి హానికరమైనవిగా పొరబడుతుంది. విరేచనంలో రక్తపు చారలు, తరచూ వాంతులు, ఒంటిపై దద్దుర్లు కనిపిస్తాయి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గేదెపాలు, మేకపాలలోనూ దాదాపు ఇలాంటి ప్రోటీన్లే ఉంటాయి. కనుక అవి ప్రత్యామ్నాయం కావు.

మా దగ్గరికి వచ్చే తల్లులకు మేము ముందుగా చెప్పేది ఒకటే: మీ పాలు మాన్పించకండి. డాక్టరు సలహాతో తల్లే 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పనీరు, కోవా మానాలి. పెరుగు పట్టించి వండిన బిర్యానీ, షీర్ ఖుర్మా, పాలపొడి కలిసిన బిస్కెట్లు కూడా వద్దు. కాల్షియం తగ్గకుండా రాగులు, నువ్వులు, చిన్న చేపలు తినాలి. డాక్టరు రాస్తే మాత్రలు వేసుకోవాలి. బిడ్డ కుదుటపడ్డాక, డాక్టరు చెప్పినట్టు మళ్లీ పాలు తీసుకొని చూస్తేనే అసలు కారణం తేలుతుంది. చాలామంది పిల్లలకు ఐదేళ్లలోపే ఇది తగ్గిపోతుంది.

పేద తల్లులకు పాలపొడి డబ్బాలు పంచుదామని దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. వారి మనసు మంచిదే. కానీ 1992 నాటి చట్టం శిశువుల పాలపొడిని అనాథాశ్రమాలకు తప్ప వ్యక్తులకు దానం చేయడాన్ని నిషేధించింది. పైగా మామూలు డబ్బాలో ఉండేదీ సాధారణంగా ఆవుపాల పొడే. ఈ బిడ్డలకు అదే ముప్పు. మీరిచ్చే సొమ్ము డాక్టరు ఫీజుకు, తల్లి భోజనానికి చేరితే బిడ్డకు అమ్మపాలు అందుతూనే ఉంటాయి.