మెట్ల నడుమ స్వరాలు

గిటార్ మెడ మీద అడ్డంగా బిగించిన సన్నని లోహపు కమ్మీలను ఫ్రెట్లంటారు. వీణ తెలిసినవారికి అవి మెట్లే. పైస్థాయికి పోయేకొద్దీ వాటి నడుమ ఎడం తగ్గిపోవడం వెనుక ఒక లెక్క ఉంది. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తే, ప్రతి మెట్టు దగ్గరా పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లు పెరగాలి. తీగ పొడవు 650 మి.మీ. ఉన్న క్లాసికల్ గిటార్‌లో మొదటి మెట్టు 36.5 మి.మీ. దూరాన, పన్నెండోది సరిగ్గా సగాన, 325 దగ్గర పడతాయి. ఇంత కచ్చితమైన గణితం వాడుకలోకి రాకముందే, 1581లో ఇటలీ సంగీతజ్ఞుడు విన్‌చెంజో గెలీలీ ల్యూట్ వాద్యానికి ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు: మిగిలిన తీగలో పద్దెనిమిదో వంతు కొలిచి తర్వాతి మెట్టు వేయమన్నాడు. (ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో ఈయన కొడుకే.) ఈ కొలతతో 650 మి.మీ. తీగకు పన్నెండో మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా వెనకబడి, స్వరం కాస్త దిగుతుంది. కానీ వేలు తీగను నొక్కినప్పుడు బిగువు పెరిగి స్వరం కాస్త ఎక్కుతుంది కదా! ఆ రెండు దోషాలూ ఒకదాన్నొకటి చాలావరకు కప్పేశాయి.

సమాన విభజనకు మూల్యం కూడా ఉంది. రెండు మెట్ల నడుమ ఎడాన్ని నూరు సెంట్లనుకుంటే, గిటార్ పలికే పంచమం శుద్ధ పంచమానికి 2 సెంట్లే తక్కువ. అది చెవికి ఆనదు. అంతర గాంధారం మాత్రం 14 సెంట్లు ఎక్కువ. మెట్టు ఇచ్చిన స్వరంతో సరిపెట్టుకోవాలా, దాన్ని తప్పించుకోవాలా? శైలి మారిన ప్రతిసారీ గిటార్ విద్యార్థికి ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. పాట కట్టే తీరు కూడా చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి గాయకుల బ్లూస్‌లో గాంధారం ఒకచోట నిలవదు. సాధారణ, అంతర గాంధారాల నడుమ ఎక్కడో తిరుగుతుంది. అక్కడ మెట్టు లేదు కనుక వాదకుడు తీగను పక్కకు తోస్తాడు. 1636లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ప్రకటించిన సూత్రాల ప్రకారం పౌనఃపున్యం బిగువు వర్గమూలానికి అనులోమం. కాబట్టి రెండు మెట్ల ఎత్తు పెంచాలంటే బిగువు 26 శాతం పెరగాలి. సుమారు 7 కిలోల బిగువున్న సన్నని ఉక్కు తీగను 9 కిలోల దాకా తీసుకుపోవడమన్న మాట. అందుకే ఒక్క వేలితో కాక, వెనుక మరో రెండు వేళ్ల దన్నుతో తోయమని గురువులు చెబుతారు. మరికొందరు మెట్లను పూర్తిగా వదిలేసి, సీసా మెడనో లోహపు గొట్టాన్నో తీగ మీద జార్చారు. ఆ స్లైడ్ విద్య తనకు పట్టుబడక, ఆ నాదాన్ని వేలి కదలికతోనే రప్పించబోయి తన కంపితాన్ని సాధించానని బ్లూస్ గిటారిస్టు బి.బి.కింగ్ చెప్పుకునేవాడు. సామాన్యమైన బ్లూస్ పాట పన్నెండు బార్ల చట్రంలో మూడు పాదాలుగా నడుస్తుంది. ప్రతి పాదంలో గొంతు ముందుగా ముగించి చోటు వదిలితే, ఆ చోట గిటార్ బదులు చెబుతుంది. గొంతులా పలకగల వాద్యం కనుకనే ఆ సంభాషణ కుదిరింది.

మన సంగీతంలో ఈ పని ఇంకా కష్టం. తీగను లాగితే స్వరం పెరుగుతుందే గాని తగ్గదు. పై నుంచి కిందికి దిగే గమకం కావాలంటే, కింది మెట్టు మీద ముందే లాగి ఉంచి, మీటాక వదలాలి. వైణికులకు ఇది నిత్యకృత్యం; గిటార్ మీద కర్ణాటక బాణీ నేర్చేవారు దీన్ని మొదటి నుంచి అలవరచుకోవాలి. పైగా బ్లూస్‌లో లాగిన స్వరం ఒక ఎత్తుకు చేరి నిలబడవచ్చు. తోడిలో గాంధారం ఊగుతూనే ఉండాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఈ ఇబ్బందిని వాద్యాన్నే మార్చి దాటారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి, నాదం చప్పున ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలు అయిదు బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు. ఒంటి తీగ లాగుడుకు లొంగుతుంది, విద్యుత్తు గమకం పూర్తయ్యేదాకా నాదాన్ని నిలబెడుతుంది. ‘శక్తి’ అనే సంగీత బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మరో దారి పట్టాడు. తీగ లాగడం సులువయ్యేలా మెట్ల నడుమ చెక్కను గుల్లగా తొలిపించుకున్నాడు.

రాక్ సంగీతం మెట్టుతో సర్దుకుంది గాని, గాంధారంతో తెగదెంపులు చేసుకుంది. ఇక్కడ భౌతికశాస్త్రం పాట రూపాన్నే శాసించింది. యాంప్లిఫయర్ శక్తికి మించి మోగి ధ్వని చిట్లినప్పుడు, రెండు స్వరాల పౌనఃపున్యాల తేడా కూడా కొత్త స్వరంగా వినిపిస్తుంది. షడ్జం 110 హెర్ట్జ్, పంచమం 165 అనుకుంటే తేడా 55. అది కింది స్థాయి షడ్జమే. కలిపి మోగించిన స్వరాల గుత్తి, అంటే కార్డు, ఒక్కసారిగా బరువెక్కుతుంది. అదే గిటార్ గాంధారం 138.6 హెర్ట్జ్ అయితే తేడా 28.6. రెండు స్థాయిల కింది షడ్జం 27.5. ఈ ఎడం సుమారు మూడింట రెండు వంతుల మెట్టు. అంత అపశ్రుతి అడుగున కదులుతుంటే మిగిలేది రొదే. అందుకే హెవీ మెటల్ వాదకులు షడ్జ పంచమాలు మాత్రమే ఉన్న పవర్ కార్డులను ఆశ్రయించారు. గాంధారం లేని కార్డు మేజరూ కాదు, మైనరూ కాదు. దాంతో పాట నడక కార్డుల మార్పు మీద కాక, పదే పదే తిరిగొచ్చే చిన్న స్వరగుచ్ఛం మీద, అంటే రిఫ్ మీద నిలబడింది.

ఇన్ని శైలులు కలిపి సాధన చేస్తే చేయి తికమకపడదా? పడుతుంది, అది మంచిదే. చేతి కదలికల మీద పరిశోధకులు షే, మోర్గాన్ 1979లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక్కో పనినీ విడిగా ముగించినవారు సాధన వేళ ముందున్నారు. పనులను కలగలిపి చేసినవారికి తర్వాత బాగా గుర్తున్నాయి. అది సంగీత ప్రయోగం కాదు గాని, గంటసేపు ఒకే పాఠం రుబ్బే విద్యార్థి దాన్ని గమనించడం మేలు.

శైలులు కలపడం కన్నా, పాటలు కట్టేవారికి తీగల శ్రుతి మార్చడం ఇంకా పెద్ద ద్వారం తెరుస్తుంది. హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కుర్రతనంలో కార్ఖానా ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగలను మూడు మెట్లు దించాడు. అలా దించితే బిగువు దాదాపు 30 శాతం తగ్గి వేళ్లకు నొప్పి తగ్గుతుంది, ధ్వని మరింత గంభీరమవుతుంది. కెనడా గాయని జోనీ మిచెల్‌కు చిన్ననాట పోలియో వచ్చి ఎడమ చేయి బలహీనపడింది. ఆమె కష్టమైన కార్డులు పట్టే బదులు, నొక్కకుండా మీటినా కార్డు పలికేలా తీగలనే రకరకాలుగా శ్రుతి చేసుకుంది. ఒక్కో శ్రుతి ఒక్కో కొత్త పాట తెచ్చింది. వాటిని మామూలు శ్రుతిలో వాయించబోతే కార్డులు దొరుకుతాయి గాని, నొక్కని తీగలు కలిసి మోగే ఆ నాదం దొరకదు.