గిటార్ ఆన్‌లైన్‌లో కొనాలా.. షాపుకెళ్లి కొనాలా? సోమశిల నుంచి చూస్తే లెక్క వేరే!

సోమశిల డ్యామ్ దగ్గర ఉండే ఓ ఇంటర్ కుర్రాడికి గిటార్ మీద మనసు పడిందనుకుందాం. ఫోన్ తీస్తే చాలు, మూడు వేల లోపు గిటార్లు వరసగా కనిపిస్తాయి. బ్యాగ్ ఫ్రీ, బెల్టు ఫ్రీ, అదనపు తీగల సెట్టు ఫ్రీ, ఆపైన భారీ తగ్గింపు.. కొద్ది రోజుల్లో ఇంటి గుమ్మం ముందుకే వస్తుంది. అదే షాపులో చూసి కొనాలంటే? సోమశిల నుంచి ఆత్మకూరు, ఆత్మకూరు నుంచి హైవే మీద నెల్లూరు. పోనూ రానూ ఒక రోజు పని. ఉదయగిరి వైపు వాళ్లకైతే ఇంకా దూరం. ఇంత తిరగడం ఎందుకు, ఫోన్‌లో నొక్కేస్తే పోలేదా?

చాలామంది చేసేది అదే. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అలా వచ్చిన గిటార్లలో కొన్ని మూడు నెలలు తిరక్కుండానే బీరువా మీదకు ఎక్కేస్తాయి. ‘మావాడికి సంగీతం అబ్బలేదులే’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. పిల్లాడూ అదే నిజమనుకుంటాడు. కానీ చాలాసార్లు తప్పు పిల్లాడిది కాదు. తీగలు మరీ ఎత్తులో ఉన్న గిటార్ ఎంత సాధన చేసినా చేతికి లొంగదు. కొనేముందు తేల్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే. ధర ఆ తర్వాత.

తీగ ఎత్తులోనే ఉంది కిటుకు

గిటార్ మెడ మీద అడ్డంగా ఇనుప కడ్డీల్లా ఉండేవే ఫ్రెట్లు. వీణ భాషలో చెప్పాలంటే మెట్లు. తీగను వేలితో నొక్కితే అది మెట్టుకు తగిలి స్వరం పలుకుతుంది. తీగకూ మెట్టుకూ మధ్య ఉండే ఖాళీని ‘యాక్షన్’ అంటారు. స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్‌లో 12వ మెట్టు దగ్గర లావు తీగ కింద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద సుమారు రెండు మిల్లీమీటర్లు ఉంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకు హాయిగా ఉంటుంది. అదే నాలుగు మిల్లీమీటర్లు దాటితే తీగను కిందికి నొక్కడానికే బలమంతా అయిపోతుంది. వేళ్లు వాస్తాయి. నొక్కిన స్వరం కూడా కాస్త పైకి జారి అపస్వరంగా వినిపిస్తుంది.

కొత్తల్లో రెండు మూడు వారాలు వేళ్లు నొప్పిపుట్టడం ఎవరికైనా మామూలే. చర్మం గట్టిపడ్డాక ఆ నొప్పి పోతుంది. కానీ తీగ ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది నెలలు గడిచినా పోదు. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది మధ్యలో వదిలేస్తారు.

ఫ్యాక్టరీలో తయారైన గిటార్‌ను వాయించేవాళ్ల చేతికి తగ్గట్టు సరిచేయడాన్ని ‘సెటప్’ అంటారు. మన వీణకు మేళం కట్టించడం లాంటిదే ఇది. పనస చెక్కతో బొబ్బిలిలో ఎంత బాగా చేసిన వీణ అయినా మైనం మీద మెట్లు సరిగ్గా కుదిర్చేదాకా పలకదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లకోసారి మేళం మళ్లీ కట్టించాల్సిందే. వీణ కొనేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టీవీ కొన్నట్టు డబ్బా విప్పి ప్లగ్గు పెడితే చాలనుకుంటాం.

అందుకే షాపులో ఇచ్చే ఆ అదనపు డబ్బు గిటార్‌కు కాదు, సెటప్‌కు. అది చేసి ఇవ్వని షాపు నుంచి కొంటే ఆన్‌లైన్ కన్నా ఎక్కువ పెట్టి అదే డబ్బా తెచ్చుకున్నట్టు. కాబట్టి షాపువాణ్ణి ముందే అడగాలి.. ‘తీగలు కిందికి దించి ఇస్తారా? ఆరు నెలల తర్వాత తెస్తే చూస్తారా?’ అని. దానికి వచ్చే సమాధానాన్ని బట్టి ఆ షాపు ఏపాటిదో తెలిసిపోతుంది.

షాపుకెళ్తే ఏం చూడాలి?

వాయించడం రాకపోతే షాపుకెళ్లీ లాభమేంటి అని అనిపించవచ్చు. వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. పశ్చిమ నెల్లూరు పల్లెల్లో గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లోనే. ఆదివారం అక్కడ వాయించే అన్ననో, కాలేజీ ఆర్కెస్ట్రాలో ఉన్న సీనియర్‌నో బతిమాలితే బస్సు చార్జీ, ఓ భోజనం ఖర్చుతో పని అయిపోతుంది. ఆయన ఒకే మోడల్‌వి రెండు మూడు గిటార్లు చేతిలోకి తీసుకుని వాయించి చూస్తే, వాటిలో ఒకటి మిగతావాటి కన్నా తేలిగ్గా పలుకుతుంది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే ధర అయినా చెక్కకు చెక్కకు తేడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఈ ఎంచుకునే అవకాశం లేదు. గోడౌన్‌లో ఏది చేతికి దొరికితే అదే డబ్బాలో వస్తుంది.

నెల్లూరులో మనసుకు నచ్చింది దొరక్కపోతే రైలెక్కితే చెన్నై. మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ 1842 నుంచీ నడుస్తున్న వాద్యాల దుకాణం. మూడు వేల గిటార్ కోసం అంత దూరం వెళ్లాలా అంటే అక్కర్లేదనే చెప్పాలి. పది వేలు దాటి పెడుతున్నప్పుడు మాత్రం ఆ ప్రయాణం దండగ కాదు.

ఆన్‌లైనే అనుకుంటే.. డబ్బా వచ్చాక చేయాల్సిన పరీక్షలివే

దూరం, డబ్బు, తీరిక.. ఏ కారణంతోనైనా ఆన్‌లైన్‌కే మొగ్గితే ఆర్డర్ పెట్టేముందు రెండు మాటలు చదవాలి. ఒకటి, ఆ పేజీలో ‘రిటర్న్’ అని ఉందా, ‘రీప్లేస్‌మెంట్’ అని మాత్రమే ఉందా? రీప్లేస్‌మెంట్ అంటే డబ్బు వెనక్కి రాదు, అలాంటిదే ఇంకో గిటార్ వస్తుంది. రెండు, మీ ఊరి పిన్‌కోడ్‌కు వచ్చి తిరిగి తీసుకెళ్తారా? ఇంటికి తెచ్చి ఇచ్చే సౌకర్యం ఉన్న ప్రతి ఊళ్లోనూ వెనక్కి తీసుకెళ్లే సౌకర్యం ఉంటుందని లేదు.

సైజు కూడా చూసుకోవాలి. తక్కువ ధరలో కనిపించేవి చాలావరకు 38 అంగుళాలవి. పెద్దవాళ్లు వాయించే పూర్తి సైజు 40, 41 అంగుళాలు ఉంటుంది. హైస్కూల్ పిల్లలకు 38 ఫర్వాలేదు. ఇక నైలాన్ తీగలుండే క్లాసికల్ గిటార్ వేరు, స్టీలు తీగల అకౌస్టిక్ వేరు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేళ్లు నొప్పి పుట్టవని నైలాన్‌ది కొని, మోత సరిపోలేదని తర్వాత దానికే స్టీలు తీగలు బిగిస్తే ఆ లాగుడుకు బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. ఈ పొరపాటుకు వారంటీ ఉండదు.

డబ్బా విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. అతికించిన టేపు దగ్గర నుంచి గిటార్ బయటకు వచ్చేదాకా ఆపకుండా. గిటార్ రాగానే శ్రుతిలో ఉండదు. దారిలో కదలకుండా తీగలు వదులు చేసి పంపుతారు, అది లోపం కాదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ పెట్టుకుని నిదానంగా బిగించాలి. సన్న తీగను అవసరానికి మించి తిప్పితే టప్పున తెగుతుంది. మొదటి రోజే చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే! కొత్త తీగలు సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అందాకా రోజూ శ్రుతి చేసుకోవాల్సిందే.

శ్రుతి చేశాక అసలు పరీక్ష. 12వ మెట్టు మీద స్కేలు నిలబెట్టి తీగ అడుగు దాకా కొలవండి. ఇక్కడో చిన్న చిక్కుంది. స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలులో సున్నా గీత అంచు నుంచి మొదలవదు, ముందు కాస్త ఖాళీ వదులుతారు. దాంతో కొలిస్తే ఎత్తుగా ఉన్న తీగ కూడా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. అంచు నుంచే గీతలు మొదలయ్యే స్టీలు స్కేలు తీసుకోవాలి.

తర్వాత ఒక్కో తీగను ఒక్కో మెట్టు దగ్గర నొక్కి మీటుతూ పోవాలి. ఎక్కడైనా ‘జుయ్’మని గీరుకుంటోందా చూడాలి. ఏ తీగైనా ఊరికే మీటినప్పుడు యాప్‌లో ఏ స్వరం వస్తుందో, 12వ మెట్టు దగ్గర నొక్కి మీటినప్పుడూ అదే స్వరం పైస్థాయిలో రావాలి. బాగా పక్కకు పోతే ఆ గిటార్‌తో పాట ఎప్పటికీ శ్రుతిలో కుదరదు. మెడ పక్కగా చెయ్యి నిమిరితే మెట్ల అంచులు గుచ్చుకోకూడదు. తీగలు కట్టి ఉండే బ్రిడ్జి వెనక కాగితం దూర్చితే లోపలికి పోకూడదు. పోయిందంటే అది ఇప్పటికే లేస్తోందన్నమాట.

ఈ పని మొత్తానికి పావుగంట చాలు. వీటిలో ఏది తప్పినా గడువులోపు వెనక్కి పంపేయడమే మేలు. తీగల కింద బ్రిడ్జిలో తెల్లగా ఉండే పట్టీని, అంటే శాడిల్‌ను గరుకు కాగితం మీద అరగదీస్తే తీగలు దిగుతాయి. 12వ మెట్టు దగ్గర ఒక మిల్లీమీటర్ దించాలంటే శాడిల్‌ను రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో చేసుకునేవాళ్లూ ఉన్నారు. కానీ రిటర్న్ గడువు ఉండగా దాని జోలికి పోవద్దు. ఒకసారి చెయ్యి పెట్టాక ‘మీరే పాడు చేశారు’ అంటే చెప్పుకోవడానికేమీ ఉండదు. గడువు ముగిసేదాకా డబ్బానూ పారేయొద్దు.

ఇంకో చిట్కా. డెలివరీ వారం చివర్లో వచ్చేలా ఆర్డర్ పెట్టుకుంటే, ఆదివారమే తెలిసినవాళ్ల చేతికిచ్చి వాయించి చూపించుకోవచ్చు. ఏడు రోజుల గడువులో ఇది చిన్న విషయం కాదు.

మోసపోతే ఎవరిని అడగాలి?

షాపు బిల్లుల మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేయడం మనకు కొత్త కాదు. కానీ లోపమున్న సరుకు విషయంలో ఆ మాట చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అందుకే వంద రూపాయలు తగ్గుతాయని బిల్లు వదులుకోవద్దు.

ఆన్‌లైన్ కంపెనీలకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వస్తువు ఏ దేశంలో తయారైందో చూపించాలి. పేజీలో చెప్పినట్టు లేని వస్తువును తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా కేసు వేయడానికి అక్కడికి పోనక్కర్లేదు. కొన్నవాళ్లు ఎక్కడ ఉంటే ఆ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. సోమశిలవాళ్లకు అది నెల్లూరు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. డబ్బా విప్పిన వీడియో, బిల్లు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు అప్పుడు అక్కరకొస్తాయి.

కొన్నాక ఎండతో జాగ్రత్త

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే కళాకారుల ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.. చెక్క ఎండకూ తేమకూ కదులుతుంది. ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో వడగాలి ఎలా ఉంటుందో తెలిసిందే. అక్టోబరు నుంచి వానలు, తేమ. వేసవిలో ఆరిన మెడ ఒకలా వంగితే, వానాకాలంలో పైపలక ఉబ్బి తీగలు మళ్లీ పైకి లేస్తాయి. మెడ లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో కొద్దిగా తిప్పి దీన్ని సరిచేస్తారు. చవక గిటార్లలో కొన్నింటికి ఆ కడ్డీయే ఉండదు. కొనేముందు పేజీలో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి, షాపులో అయితే చూపించమని అడగాలి.

మే నెలలో ఆర్డర్ పెట్టిన గిటార్ డెలివరీ బండిలో మధ్యాహ్నమంతా ఉడికిపోతుంది. జిగురు మెత్తబడితే బ్రిడ్జి లేస్తుంది. ఆగగలిగితే వానలు పడ్డాక తెప్పించుకోవడం నయం. ఇంట్లో కూడా రేకుల కప్పు కింద గోడకు తగిలించకుండా, బ్యాగులో పెట్టి మంచం కిందో, నీడగా ఉండే గది మూలనో ఉంచాలి.