పాత డర్ట్ బైకు కొంటున్నారా? ముందు ఇంజను, ఆపైన ఆర్సీ చూడండి

మదనపల్లె: ఎత్తయిన హ్యాండిలు, పొడవాటి ఫోర్కులు, ముళ్ల టైర్లు గల డర్ట్ బైకు మీద మోజుపడే యువకులు పడమటి మండలాల్లో తక్కువేమీ కారు. గుట్టలు, వంకలు, ఎర్రమట్టి బాటలు వున్న ప్రాంతం కాబట్టి ఆ మోజును తప్పు పట్టడానికి లేదు. కొత్త బండి ధర అందనివారు పాత బండి వైపు చూస్తారు. బెంగళూరు నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ దూరమే కనుక అక్కడ బేరానికి వచ్చిన బండ్లూ కంటబడతాయి. ఒక పంటకాలం టమోటా డబ్బు మొత్తం పెట్టి కొనే ఇటువంటి బండి ఆదుకుంటుందా, అప్పుల పాలు చేస్తుందా అన్నది కొనేముందు చూచుకోవలసిన సంగతి.

పుంగనూరు సంతలో ఎద్దును కొనే రైతు దాని కొమ్ములకు పూసిన రంగు చూడడు. పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. పాత బండికీ అదే పద్ధతి పాటించాలి.

రెండు రకాలు

డర్ట్ బైకు అనే పేరు మీద రెండు రకాల బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. మొదటిది రోడ్డు మీద, మట్టిదారిలో కూడా నడిచే రకం. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 ఈ కోవలోవి. వీటికి రిజిస్ట్రేషను వుంటుంది. రెండవది పోటీల కోసం చేసిన రకం. కవాసాకి కెఎక్స్, సుజుకి ఆర్‌ఎం-జెడ్ వంటివి ఈ తరగతికి చెందుతాయి. వీటికి హెడ్‌లైటు, ఇండికేటర్లు వుండవు, రిజిస్ట్రేషను కాదు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని బండిని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ఊరి బాట కూడా బహిరంగ ప్రదేశమే.

పోటీ బండికి కిలోమీటర్ల లెక్క వుండదు, ఇంజను తిరిగిన గంటల లెక్క వుంటుంది. అన్ని గంటలకు పిస్టను మార్చాలి, ఇన్ని గంటలకు వాల్వులు సరిచూడాలి అని తయారీదారు పుస్తకంలోనే రాసి వుంటుంది. ఆ లెక్క చూపించలేని అమ్మకందారు దగ్గర పోటీ బండి కొనడమంటే అతను పెట్టవలసిన రిపేరు ఖర్చును తాము నెత్తిన వేసుకోవడమే.

అవసరం ఎంత?

పాలక్యాన్లు, టమోటా పెట్టెలు మోయడమే పని అయితే డర్ట్ బైకు అక్కరకు రాదు. ఎక్స్‌పల్స్ 200 సీటు నేలకు 823 మిల్లీమీటర్ల ఎత్తులో వుంటుంది. హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లే అయినా బండి బరువు రెండు వందల కిలోలకు దగ్గర. పొట్టివారు బరువుతో ఎక్కి దిగడం కష్టం. ఆ పనికి టివిఎస్ ఎక్సెల్ చాలు, ఖర్చూ తక్కువ. బోరు దగ్గరికి, కొండ పక్కన వున్న పొలానికి రాళ్ల దారిన రోజూ వెళ్లేవారికి మాత్రం 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, ముందున్న 21 అంగుళాల చక్రం నిజంగా ఉపయోగపడతాయి.

అడవిలో తిరగాలన్న సరదాతో కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుప్పం, పలమనేరు వైపు అడవులు కౌండిన్య అభయారణ్యంలోకి వస్తాయి. అనుమతి లేకుండా అభయారణ్యంలో ప్రవేశించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది ఏనుగులు తిరిగే అడవి కూడా.

పొగ చెప్పే సంగతులు

రాజ్‌దూత్, యెజ్డీ బండ్లు నడిపిన తరం వారికి సైలెన్సరు నుంచి పొగ రావడం వింత కాదు. అవి టూ స్ట్రోక్ ఇంజన్లు. వాటిలో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. 1985లో హీరో హోండా సిడి 100 వచ్చిన తరువాత ఫోర్ స్ట్రోక్ బండ్లు పల్లెలకూ చేరాయి. వీటిలో ఆయిలు ఇంజను అడుగున వేరుగా వుండి భాగాలను తడుపుతుంది, కాలిపోదు. అందుచేత ఫోర్ స్ట్రోక్ బండి నీలిపొగ వదిలితే ఆయిలు కాలుతున్నదనే అర్థం. యాక్సిలరేటరు తిప్పినప్పుడు నీలిపొగ వస్తే పిస్టను రింగులు, బోరు అరిగి వుండవచ్చు. దిగుడులో యాక్సిలరేటరు వదిలి మళ్లీ తిప్పినప్పుడు వస్తే వాల్వు సీళ్లు పోయి వుండవచ్చు. రెండింటికీ ఇంజను విప్పవలసిందే. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నట్టు. అది అంత ప్రమాదం కాదు. చలికాలం ఉదయం కాసేపు తెల్లని ఆవిరి కనిపించి పోతే భయపడనక్కరలేదు.

బండి చూడడానికి వస్తున్నామని చెప్పి, తాము వచ్చేదాకా స్టార్టు చేయవద్దని అమ్మకందారును కోరాలి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. వేడిగా వుంటే చల్లారేదాకా ఆగడమో, మరోరోజు రావడమో మంచిది. వేడెక్కిన ఇంజను తన జబ్బును దాచుకుంటుంది. చల్లని ఇంజను ఎన్ని ప్రయత్నాలకు అందుకున్నది, మొదటి నిమిషంలో టైమింగు చైను గలగలమన్నదా, ఆ శబ్దం తగ్గిందా లేదా అన్నవి గమనించాలి.

తరువాత ఆయిలు చూడాలి. నల్లబడిన ఆయిలు తప్పు కాదు. అందులో వెండి రజనులాంటి తళుకు కనిపిస్తే లోపల ఇనుము అరుగుతున్నట్టు. పాలు కలిపినట్టు తెల్లగా వుంటే నీరు చేరినట్టు.

డర్ట్ బైకులో మరీ ముఖ్యమైనది ఎయిర్ ఫిల్టరు. దుమ్ములో నడిచిన బండికి ఫిల్టరు శుభ్రం చేయకపోతే సన్నని మట్టి ఇంజనులోకి పోయి బోరును గీరేస్తుంది. మూత విప్పించి చూడాలి. ఫిల్టరు దాటిన తరువాత గొట్టం లోపలి గోడకు వేలు రాసినప్పుడు దుమ్ము అంటితే ఆ బేరం అక్కడితో ఆపవచ్చు.

చట్రం, చక్రాలు

ఎగిరి దూకిన బండి దెబ్బలు అడుగున వుంటాయి. ఇంజను కింది రేకు విప్పించి చట్రం చూడాలి. హ్యాండిలు మెడ దగ్గర, ఫుట్‌రెస్టుల దగ్గర కొత్త వెల్డింగు గానీ, ఒక్కచోటే కొత్త రంగు గానీ కనిపిస్తే కారణం అడగాలి. ముందు చక్రం నేల నుంచి లేపి హ్యాండిలు మెల్లగా తిప్పినప్పుడు మధ్యలో పట్టినట్టు ఆగితే కోన్ సెట్టు పోయినట్టు. ఫోర్కులను నాలుగుసార్లు గట్టిగా నొక్కితే ఆయిలు చెమ్మ కనిపించకూడదు. పుల్లల చక్రమైతే ఒక్కొక్క పుల్లను స్పానరుతో తట్టి చూడాలి. వదులైన పుల్ల మొద్దుగా మోగుతుంది. స్ప్రాకెట్ పళ్లు కొక్కెంలా వంగి వుంటే చైను సెట్టు మొత్తం మార్చాలి. నడిపేటప్పుడు మూడో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పాలి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టు.

2020 ఏప్రిల్ నుంచి బిఎస్-6 నిబంధన వచ్చిన తరువాత తయారైన బండ్లలో కార్బురేటరు స్థానంలో ఎక్కువగా ఇంధన ఇంజెక్షన్ పద్ధతి వుంటున్నది. దానికి లోపం వస్తే కంప్యూటరు పెట్టి చూచే షెడ్డుకే తీసుకుపోవాలి. అటువంటి షెడ్డు తమ ఊరికి ఎంత దూరమో కొనేముందే లెక్కవేసుకోవాలి.

మూడు రాష్ట్రాల కాగితాలు

కుప్పానికి ఒకవైపు కర్ణాటక, మరోవైపు తమిళనాడు. పుంగనూరు, మదనపల్లెలకు కోలారు జిల్లా పొరుగే. అందుచేత ఇక్కడ బేరానికి వచ్చే పాత బండికి కెఎ, టిఎన్ నంబరు వుండడం వింత కాదు. ఇంజను బాగున్నా కాగితాలు చెడితే ఆ బండి మూలన పడుతుంది.

పొరుగు రాష్ట్రం బండి అయితే అక్కడి రిజిస్ట్రేషను అధికారి నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, ఫారం 30 పూర్తి చేయాలి. ఫైనాన్సు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫైనాన్సు సంస్థ సంతకంతో ఫారం 35 వుండాలి. కొన్నవారు 30 రోజుల్లోగా మార్పు కోరాలని చట్టం చెబుతున్నది. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ వుంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి, ఇక్కడి జీవిత పన్ను కట్టాలి. రిజిస్ట్రేషను గడువు మొదటి 15 సంవత్సరాలే. ఆపైన బండిని తనిఖీ చేయించి రెన్యువలు చేయించుకోవాలి.

ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీది అంకెలతో ఒక్కొక్కటిగా సరిపోల్చాలి. అంకెల చుట్టూ రాపిడి గీతలు వుంటే బండి వదిలేయడమే క్షేమం. బాకీ చలానాలు, బీమా గడువు సంగతి ప్రభుత్వ వాహన్ రికార్డులో సెల్‌ఫోను మీదే చూచుకోవచ్చు.

అమ్మేవారికీ ఇందులో ముప్పు వుంది. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి డబ్బు తీసుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. ప్రమాదం జరిగిన నాటికి రికార్డులో ఎవరి పేరు వుంటే వారే నష్టపరిహారానికి యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఎన్ని చేతులు మారినా మొదటివారి పేరే వున్న బండి అందరికీ ప్రమాదమే.

చివరి లెక్క

ఇవన్నీ చూచిన తరువాత కాగితం మీద కూడిక వేయాలి. ఉదాహరణకు అమ్మకందారు 90 వేలు అడిగాడనుకుందాం. చైను సెట్టు, టైర్లు, క్లచ్, ఫోర్కు సీళ్లకు మెకానిక్కు 18 వేలు చెప్పాడు. పన్ను, మార్పిడి, బీమాలకు 10 వేలు తేలింది. అప్పుడు బండి ధర 90 వేలు కాదు, 1 లక్షా 18 వేలు. అదే సొమ్ముకు రిపేరు లేని బండి, సొంత జిల్లా నంబరుతో దొరుకుతుందేమో విచారించాలి. దొరక్కపోతే ఆ లెక్క చూపించే ధర తగ్గించమని అడగాలి.

అరిగిన టైర్లు, చిరిగిన సీటు, గీతలు పడిన ట్యాంకు బేరానికి అడ్డు కావు. అవి డబ్బుతో తీరే లోపాలు. నీలిపొగ, విరిగి అతికిన చట్రం, సరిపోలని నంబరు, తీరని ఫైనాన్సు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు. అడ్వాన్సు ఇవ్వడానికి ముందు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకుపోయి, అతనికి ఒక పూట కూలి ఇవ్వడం దండగ కాదు. బండి కోసం పెట్టే ఖర్చులన్నిటిలోనూ చిన్నది అదే.