సముద్రం లేని ఊళ్లో... రేవు!

ఆవకాయ పార్సిలైనా, కంటైనర్ నిండా మందులైనా... హైదరాబాద్ నుంచి విదేశం చేరాలంటే దూరం కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. అది ఆగిపోవడం!

వేసవి వచ్చిందంటే శ్రీనగర్ కాలనీ వంటిళ్లలో ఆవకాయ ఘాటు గుప్పుమంటుంది. ఇంటికి ఓ జాడీ... అమెరికాలో ఉన్న పిల్లలకు మరో రెండు కిలోలు. ఆ రెండు కిలోలూ నూనె కారకుండా గట్టిగా ప్యాకయి అమీర్‌పేటలోని కొరియర్ దుకాణానికో, తపాలా కార్యాలయానికో చేరతాయి. తూకం, చిరునామా, రసీదు... అంతే.

2025 ఆగస్టులో మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. 800 డాలర్ల లోపు సరుకుకు ఇచ్చే సుంకం మినహాయింపును అమెరికా ఆ నెల 29 నుంచి ఎత్తేసింది. కొత్త సుంకాన్ని ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలలేదు. దాంతో మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లను 25 నుంచే చాలామటుకు ఆపేసింది. మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది అక్టోబరు 15న! ఈలోగా విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. రోడ్లూ మూతపడలేదు. ఆగింది కాగితం దగ్గరే.

చిన్న పార్సిల్‌కే ఇంత తంటా అయితే, ఇరవై అడుగుల పెట్టెలో టన్నులకొద్దీ సరుకు పంపేవాళ్ల సంగతేంటి? జవాబు కోసం ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. అమీర్‌పేట దాటి సనత్‌నగర్ వెళ్తే చాలు.

ఓడలుండవు... అయినా రేవే!

కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడిపే ఇన్‌లాండ్ కంటైనర్ డిపో అక్కడుంది. వాడుకలో డ్రైపోర్ట్. నీళ్లుండవు, ఓడలుండవు. మిగతా రేవు పనులన్నీ ఉంటాయి. ఎగుమతిదారు సరుకు తెస్తాడు. కస్టమ్స్ అధికారులు పత్రాలు చూస్తారు, అవసరమైతే సరుకూ తనిఖీ చేస్తారు. కంటైనర్‌కు సీలు పడుతుంది. రైలు మీదో లారీ మీదో అది ముంబయి పక్కనున్న నవా షేవాకో, మరో రేవుకో బయల్దేరుతుంది. సీలు చెక్కుచెదరకపోతే మామూలుగా అక్కడ మళ్లీ విప్పరు. నేరుగా ఓడెక్కించేస్తారు.

కస్టమ్స్ లెక్కల్లో ఈ డిపోకూ ఓ కోడ్ ఉంది... ఐఎన్ఎస్ఎన్ఎఫ్6. కిటుకంతా చివరి అంకెలోనే. ఓడరేవుకు 1, విమానాశ్రయానికి 4, ఇలాంటి మెట్ట రేవుకు 6!

సముద్రం కోసం హైదరాబాద్ ఆరాటం ఈనాటిది కాదు. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నం ఉండేది. నిజాముల కాలానికి తీరం చేజారింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాకే బొంబాయికి ఇనుప దారి దొరికింది. 1940ల్లో ఏడో నిజాం మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో బేరాలాడాడు. కుదరలేదు. చివరికి సముద్రం రాకపోయినా రేవే ఊళ్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి తొలి డిపో 1981లో బెంగళూరులో మొదలైంది.

ఒక్కరోజు... 70 కిలోమీటర్లు

సరుకు ఆగితే నష్టమెంత? జాంకోవ్, ఫ్రాయిండ్, ఫామ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 98 దేశాల లెక్కలు తీశారు. 2010లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం ఓడెక్కేలోపు ఒక్కరోజు ఆలస్యమైతే వ్యాపారం ఒక శాతానికి పైగా పడిపోతుంది. కొనే దేశానికి మనం మరో 70 కిలోమీటర్లు దూరం జరిగినట్టే!

ఆ దూరాన్ని తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు. ఉగాండాకూ సముద్రం లేదు. కెన్యాలోని మొంబాసా రేవు నుంచి రాజధాని కంపాలాకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు 18 రోజులు పట్టేది. 2014లో తూర్పు ఆఫ్రికా దేశాలు సరిహద్దులో కాకుండా రేవులోనే సుంకం కట్టే ఏర్పాటు చేసుకున్నాయి. ప్రయాణం 4 రోజులకు దిగింది.

మన దగ్గరా మార్పు వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీతో రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ముంబయి దారిలో లారీలు బారులు తీరే బాధ చాలావరకు తప్పింది. ప్రపంచబ్యాంకు సరుకు రవాణా సూచీలో 2014లో 160 దేశాల్లో 54వ స్థానంలో ఉన్న భారత్, 2023లో 139 దేశాల్లో 38కి చేరింది. మన రేవుల్లో కంటైనర్ ఆగే సమయం సగటున 3 రోజులని ఆ నివేదికే చెప్పింది. అమెరికాలో అది 7, జర్మనీలో 10!

చిన్నవాడి పెట్టె నిండదు

అయితే, ఈ సుఖం అందరికీ ఒకేలా అందడం లేదు. పెద్ద మందుల కంపెనీ కంటైనర్‌ను ఒంటిచేత్తో నింపేస్తుంది. దాని పత్రాలు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. పచ్చళ్లు, చేనేత, హస్తకళల చిన్న వ్యాపారి సరుకు పది పెట్టెలు దాటదు. మరో నలుగురితో కలిసి కంటైనర్ పంచుకోవాలి. అది నిండేదాకా ఆగాలి. ఒకరి పత్రంలో తప్పు దొర్లినా మిగతావాళ్ల సరుకూ ఆగిపోవచ్చు.

2023 చివర్లో ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలై, ఓడలు ఆఫ్రికాను చుట్టివెళ్లినప్పుడూ అంతే. ముందే ఏడాది ఒప్పందాలు చేసుకున్నవాళ్లు కొంత తట్టుకున్నారు. ఏ రోజు ధర ఆ రోజు కట్టేవాళ్ల లాభం కిరాయిలకే పోయింది.

ఈ చిన్నవాళ్ల కోసమే తపాలా శాఖ 2022లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు మొదలుపెట్టింది. బుకింగ్, కస్టమ్స్ పత్రాలు అన్నీ తపాలా కార్యాలయంలోనే పూర్తిచేసుకోవచ్చు. మంచి ప్రయత్నమే. 2025 ఆగస్టు మాత్రం ఓ పాఠం నేర్పింది. ఇక్కడ గుమ్మం ఎంత దగ్గరున్నా, అవతలి గుమ్మం తెరిచే వీలు ముందే చూసుకోవాలి. రోడ్డుకీ రేవుకీ పెట్టే ఖర్చుతో పాటు నిబంధనలు మారినప్పుడు చిన్న వ్యాపారికి దారి చూపే ఏర్పాటూ కావాలి.

ఎందుకంటే... ఆవకాయ ఏడాదైనా నిలవుంటుంది. బేరం మాత్రం నిలవుండదు!